బిడ్డ పని బిడ్డే చేసుకునేదానికి
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘ లీడరు మాట్లాడిన మాటలు)



ఇప్పుడే మన అకౌంటెంటు నివేదిక చదివింది. పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, స్త్రీనిధి ఎంత, రికవరీ ఎంత, అన్నీ చెప్పింది. చప్పట్లు కొట్టినాం. ఆవులు ఎన్ని కొన్నామో కూడా ఉంది అందులో. ఒక లెక్క మాత్రం లేదు. మన సంఘాల్లో ఉన్న తల్లుల ఇళ్లల్లో నడవలేని బిడ్డలు, చెయ్యి సరిగ్గా లేవని బిడ్డలు, ఏడేళ్లొచ్చినా తానుగా ముద్ద తినలేని బిడ్డలు ఎంతమంది ఉన్నారు? ఏ రిజిస్టర్లోనూ లేదు. ఎవరూ దాచలేదు, అడిగినోళ్లు లేరు, అంతే. నన్ను ఆరోగ్యం గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. రక్తహీనత గురించి పోయినేడు విన్నాం కాబట్టి నేను ఈ బిడ్డల గురించి, వాళ్లకు పనికొచ్చే ఆక్యుపేషనల్ థెరపీ అనే వైద్యం గురించి చెప్తాను. పది నిమిషాలు దాటితే సీసీ మేడం గంట కొట్టొద్దు, రవ్వంత ఓర్చుకోవాల.

ఈ పేరు పలకడమే మనకు కష్టం. తెలుగులో కొందరు వృత్తి చికిత్స అని రాస్తారు. అది చూసి నేను మొదట ఉద్యోగం లేనోళ్లకు ఏదో ట్రైనింగ్ అనుకున్నా. అది కాదు. మనిషి పొద్దున లేచినప్పటి నుంచి పడుకునేదాకా చేసే పనులన్నీ వృత్తి కిందే లెక్క. పసిబిడ్డకు వృత్తి ఏంది? పాలు తాగడం, కూర్చోవడం, ఆడుకోవడం. ఐదేళ్ల బిడ్డకు? ముద్ద తినడం, నిక్కరు వేసుకోవడం, దొడ్డికి పోవడం, పలక పట్టుకోవడం. ఆ పనులు బిడ్డ చేత అయ్యేటట్టు దారి వెతికేదే ఈ వైద్యం. ఫిజియోథెరపీ కాళ్లకు చేతులకు బలం, కదలిక చూస్తుంది. ఇది ఆ చేతితో గ్లాసు ఎట్లా ఎత్తుతాడో చూస్తుంది. రెండూ కావాల. మాటలకు స్పీచ్ థెరపీ వేరే ఉంది.

మా సంఘంలో ఒక చెల్లెలు ఉంది. పేరు చెప్పను, ఆమె ఒప్పుకున్నాకే ఈ సంగతి మీ ముందు పెడతా ఉన్నా. ఆమె రెండో కొడుకు పుట్టగానే ఏడవలేదు. మూడు నాలుగు నెలలకు మెడ నిలపాల, నిలపలేదు. ఎనిమిది తొమ్మిది నెలలకు కూర్చోవాల, కూర్చోలేదు. ఇంట్లో వాళ్లు వాళ్ల నాయన కూడా ఆలస్యంగానే నడిచినాడులే అన్నారు. ఏడాదిన్నర దాటినా బిడ్డ అడుగు వేయకపోతే ఎవరేమన్నా ఒకసారి డాక్టరుకు చూపించాల్సిందే, ఈ ఒక్క మాట మీ ఊళ్లో పది మందికి చెప్పండి. ఆ బిడ్డకు సెరిబ్రల్ పాల్సీ అని తేలింది. పుట్టేటప్పుడో అంతకు ముందో మెదడుకు దెబ్బ తగిలి, కాళ్లు చేతులు బిర్రుగా అయిపోవడం. పెరిగే జబ్బు కాదు, అంటేది కాదు, పోయిన జన్మలో పాపమూ కాదు. అమావాస్య నాడు కడుపుతో ఉండి గడప దాటింది అని ఆమెను అన్నోళ్లు ఉన్నారు. అన్నోళ్లలో కొందరు ఈ సభలో కూడా ఉన్నారు, నేను వాళ్ల వైపు చూడను.

తర్వాత మామూలే. ఒక టౌన్లో ఒకాయన నలభై రోజులు నూనె మర్దన చేస్తే, రెండు ఇంజెక్షన్లు వేస్తే నడుస్తాడు అన్నాడు. కమ్మలు కుదవ పెట్టి డబ్బు కట్టినారు. బిడ్డ నడవలేదు, కమ్మలు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి. మెదడులో జరిగిన నష్టాన్ని ఒక ఇంజెక్షన్ మాపుతుంది అంటే నమ్మకండి. కాళ్ల బిగువు తగ్గించే ఇంజెక్షన్లు, ఎముకల ఆపరేషన్లు నిజంగానే ఉన్నాయి, కానీ అవి పెద్దాసుపత్రిలో డాక్టరు చూసి, అవసరమైన బిడ్డకే చేస్తారు. మనకు దగ్గర తిరుపతిలో టీటీడీ వాళ్ల బర్డ్ ఆసుపత్రి ఎముకలకు, కీళ్లకు, కాళ్లూ చేతులూ సరిగ్గా లేనోళ్లకు ఉన్నదే. మనలో చాలామందికి పోలియో ఆపరేషన్లప్పటి నుంచి ఆ పేరు తెలుసు.

మేము వేలూరు సీఎంసీకి పోయినాం. పాకాలలో రైలెక్కితే చిత్తూరు దాటి కాట్పాడిలో దిగొచ్చు. నాకు కొంచెం అరవం వస్తుంది కాబట్టి తోడు పోయినా, అక్కడికి పోతే తెలుగోళ్లే ఎక్కువ కనపడినారు! ఆ ఊళ్లో ఈ వైద్యం ఎట్లా వేరూనిందో ఒక మాట చెప్పాల. మేరీ వర్గీస్ అని ఒక డాక్టరమ్మ ఉండేది. 1954లో బండి ప్రమాదంలో వెన్నుకు దెబ్బ తగిలి నడుము కింద చచ్చుబడిపోయింది. ఆమె చక్రాల కుర్చీలో కూర్చొనే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేసింది. తర్వాత కాళ్లూ చేతులూ పోయినోళ్లను మళ్లీ ఇంటికి, పనికి తయారు చేసే ఆసుపత్రి 1966లో అక్కడ తెరిపించింది. మన దేశంలో ఆక్యుపేషనల్ థెరపీ నేర్పే మొదటి బడిని కూడా ఆడమనిషే పెట్టింది, కమలా నింబ్‌కర్ అని, 1950లో బొంబాయిలో. ఇద్దరూ ఆడోళ్లే అని నేను పనిగట్టుకొనే చెప్తా ఉన్నా.

అక్కడ మేమేమో మిషన్లు పెడతారు, కరెంటు పెడతారు అనుకున్నాం. ఆ థెరపిస్టు మేడం ముందు బిడ్డ చేతులు కూడా పట్టుకోలేదు. పొద్దున ఎన్నింటికి లేస్తాడు, ఎవరు ఎత్తుతారు, ఎక్కడ కూర్చోపెడతారు, అన్నం ఎంతసేపు పడుతుంది, నీళ్లు ఎట్లా పోస్తారు, ఇవే అడిగింది. మా చెల్లెలు ఒక పూట తినిపించేదానికి గంట పడుతుంది అనింది. మూడు పూటలకు మూడు గంటలు. పడుకోబెట్టి తినిపిస్తే కారిపోదని అట్లనే చేస్తారంట. ఆ మేడం అప్పుడు కొంచెం గట్టిగానే చెప్పింది, వెల్లకిలా పడుకోబెట్టి తినిపిస్తే ముద్ద ఊపిరితిత్తుల్లోకి పోతుంది, నెలనెలా దగ్గు, జ్వరం వచ్చేది బహుశా అందుకే అని. నిజంగానే ఆ బిడ్డకు నెలకోసారి జ్వరం.

కూర్చోపెట్టడం దగ్గర మొదలుపెట్టినారు. నడుము కుర్చీ వెనక్కి ఆనాల, పాదాలు రెండూ కింద ఏదో ఒకదానికి ఆనాల, గాల్లో వేలాడకూడదు, తల వెనక్కి పడకుండా రవ్వంత ముందుకు ఉండాల, ముందర మోచేతుల ఎత్తుకు ఒక పలక. ఇంతే. దీనికి వేల రూపాయల కుర్చీ అక్కర్లేదు అని కొలతలు రాసిచ్చినారు. మా ఊరి ఆచారి మామిడి చెక్కతో చేసినాడు. పొట్ట దగ్గర అర్ధచంద్రం మాదిరి కోసిన పలక, కాళ్ల కింద పీట, జారకుండా తొడల మధ్య ఒక చిన్న దిమ్మ. అంతా కలిపి 1,400 రూపాయలు తీసుకున్నాడు. ఒక్క మాట, ఆ కొలతలు ఆ బిడ్డకే. మీ బిడ్డకు మీ బిడ్డను చూసినోళ్లే చెప్పాల. బిడ్డ పెరిగితే కొలత మారుతుంది కూడా.

ఇంక స్పూను. సన్న పిడి ఆ బిడ్డ పిడికిట్లో నిలవదు. పాత సైకిల్ ట్యూబు ముక్క పిడికి చుట్టి లావు చేసినాం. తట్ట జారకుండా కింద తడి గుడ్డ. అంచు ఎత్తుగా ఉన్న గిన్నె అయితే ముద్ద అంచుకు ఆనుకొని చేతికి వస్తుంది. అన్నిటికన్నా నాకు నచ్చింది, వాళ్లు మా తిండి గురించి అడగడం. అన్నం మెతుకు మెతుకుగా రాలిపోతుంది. రాగి సంగటి రాలదు, చేతికి పట్టు దొరుకుతుంది, పప్పులో అద్దితే మెత్తగా దిగుతుంది. మొదలు సంగటితోనే పెట్టమన్నారు. అంతదాకా ఆ బిడ్డకు సంగటి అరగదని పెట్టేవాళ్లు కాదు!

తినిపించే తీరు కూడా చెప్తాను, ఇది ఏ బిడ్డకైనా పనికొస్తుంది. తల్లి బిడ్డ ఎదురుగా కాదు, వెనకాలో పక్కనో కూర్చొని, వాడి చేతి మీద తన చెయ్యి వేసి, ముద్ద ఎత్తి నోటిదాకా తీసుకుపోవాల. కొన్ని రోజులకు మణికట్టు మాత్రం పట్టుకోవాల. ఇంకొన్నాళ్లకు మోచెయ్యి. తర్వాత వదిలేయాల. కొన్ని పనులకు చివర నుంచి మొదలుపెట్టాలంట. నిక్కరు మోకాళ్ల పైదాకా మనం లాగి, చివరి జానెడు వాడి చేత లాగించాల. పని పూర్తి చేసింది వాడే అవుతాడు కదా, వాడి మొఖం చూడాల అప్పుడు. చొక్కా వేసేటప్పుడు బలం లేని చెయ్యి ముందు, విప్పేటప్పుడు ఆ చెయ్యి చివర. గుండీలకు బదులు సాగే నడుము, అంటుకునే పట్టీ. మన టైలరింగ్ నేర్చిన అక్కలకు ఇది అరగంట పని.

అన్నీ చక్కగా జరిగిపోయినాయని కాదు. ఆ ఇంట్లో అవ్వ ఉంది, చెల్లెలి అత్త. మనవడంటే ప్రాణం. మనవడు సంగటి సగం మీద పోసుకుంటా ఉంటే ఆమెకు కడుపు తరుక్కుపోతుంది. కోడలు పాల కేంద్రానికి పోయిన వెంటనే గమ్మున తానే తినిపించేసేది. కోడలు వచ్చి చూస్తే మూతి తుడిచి పెట్టి ఉంటుంది. పెద్ద గొడవలు. నాకైతే ఆ అవ్వ తప్పు అనిపించలేదు. ఆమెకు ఎవరూ చెప్పలేదు అంతే. రెండోసారి వేలూరు పోయినప్పుడు అవ్వను తీసుకుపోయినాం. ఆ మేడం అవ్వ చేతనే పట్టించి నేర్పించింది. ఇంటికొచ్చినాక అవ్వే అందరికీ పాఠం చెప్తా ఉంది, వాడిని ఎవరైనా ఎత్తుకుంటే దించండి అని అరుస్తుంది. తల్లికి ఒక్కదానికే నేర్పిస్తే ఈ వైద్యం ఇంట్లో నిలవదు అని నాకు అప్పుడు తెలిసింది.

ఇప్పుడు ఆ బిడ్డకు ఏడేళ్లు. నడవలేడు. నడుస్తాడని ఎవరూ మాటివ్వలేదు. కానీ కుర్చీలో కూర్చొని ఇరవై, ఇరవై ఐదు నిమిషాల్లో తానే సంగటి తింటాడు. దగ్గు, జ్వరం తగ్గింది. తల్లి పాలు పిండేటప్పుడు పక్కన కూర్చొని దూడ తొట్టిలోకి చెంబుతో నీళ్లు పోస్తాడు. చెనక్కాయలు ఒలుస్తాడు, వేళ్లకు పని అని. గింజ నోట్లో వేసుకొని గొంతుకు అడ్డం పడకుండా ఒకరు పక్కన ఉంటారు. మళ్లీ వేరేగా ఎక్సర్‌సైజులకు గంట ఎక్కడ తెచ్చేది మన ఆడోళ్లం? స్నానంలోనే, తిండిలోనే, ఆటలోనే కలిపేయమన్నారు. మనకు సరిపోయింది అందుకే.

ఇది కాళ్లు చేతులు పడిపోయిన బిడ్డలకే కాదు. మా పక్క ఊళ్లో ఒక పాప ఉంది, ఆటిజం అన్నారు. గంగజాతరకు తీసుకుపోతే డప్పుల మోతకు చెవులు మూసుకొని కింద పడి ఏడ్చింది. పెంకి పిల్ల అని అందరి ముందు ఇద్దరు కొట్టినారు. కొందరు బిడ్డలకు శబ్దం, తల దువ్వడం, చొక్కా వెనక గుచ్చుకునే లేబులు కూడా భరించలేనంత బాధ. ఏది బాధపెడుతుందో కనిపెట్టి, పనులు రోజూ ఒకే వరుసలో చేసి, బొమ్మలు చూపించి ముందే చెప్పి ఆ బిడ్డను సిద్ధం చేయాల. బడిలో పెన్సిలు పట్టలేని పిల్లలకు లావు పెన్సిలు, పాదాల కింద ఇటుక, ఏటవాలు పలక పెట్టి చూస్తారు. అట్లని రాత బాగలేని ప్రతి పిల్లోడినీ డాక్టరు దగ్గరికి లాక్కుపోకండి తల్లీ.

యాడికి పోవాలంటే వేలూరే పోనక్కర్లేదు. అంగన్‌వాడీకి, బడికి వచ్చి పిల్లల్ని పరీక్ష చేసే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి ఉంది, పుట్టిన బిడ్డ నుంచి 18 ఏళ్ల వరకు. వాళ్లు జిల్లాలో ఉండే డీఈఐసీకి, అంటే చిన్నప్పుడే కనిపెట్టి సాయం చేసే కేంద్రానికి రాసి పంపుతారు. ఆశా వర్కరును, ఏఎన్ఎంను అడగండి. బడి ఈడు పిల్లలకు మండలంలో భవిత కేంద్రం ఉంటుంది. అక్కడ ప్రత్యేక టీచర్లు ఉంటారు, చాలా చోట్ల వారానికోసారి ఫిజియోథెరపిస్టు వస్తారు, కదల్లేని బిడ్డలకు టీచర్లు ఇంటికి కూడా పోతారు. ఆక్యుపేషనల్ థెరపిస్టులు మాత్రం తక్కువ, ప్రతి మండలానికీ దొరకరు. అందుకే ఒకసారి పెద్ద చోట చూపించి, రాయించుకొని, ఇంట్లో చేసుకుంటా, మళ్లీ కొన్ని నెలలకు పోయి చూపించుకోవడమే మనకు కుదిరే దారి.

సదరం సర్టిఫికెట్ తీసుకోండి. 40 శాతం ఉంటే పింఛను వస్తుంది, 2024 నుంచి నెలకు 6,000 చేసినారు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం ఉన్నోళ్లకు నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ బీమా ఉంది, లక్ష రూపాయల వరకు, థెరపీలు కూడా అందులో వస్తాయి. మన మండలంలో ఎంతమంది చేరినారో నాకు తెలిసి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇంకోటి, సర్టిఫికెట్ వచ్చేదాకా థెరపీ ఆపొద్దు. మెదడు లేతగా ఉన్నప్పుడు చేసింది బాగా పట్టుతుంది. పింఛను వచ్చేసింది కదా అని బిడ్డను మంచం మీద వదిలేసిన ఇళ్లు కూడా చూసినా. పింఛను బిడ్డ పేరు మీద వచ్చే డబ్బు, దాంట్లో నుంచి కుర్చీకి, బస్సుకు తీయాల.

ఇప్పుడు నేను అసలు మాట్లాడాలనుకున్నది. ఆ చెల్లెలు మా సంఘానికి రాకముందు వేరే సంఘంలో ఉండేది. బిడ్డతో ఆసుపత్రికి పోయిన వారాల్లో మీటింగుకు రాలేదని జరిమానా వేసినారు. నాలుగు సార్లు కట్టింది. ఐదోసారి అప్పు అడిగితే హాజరు లేదు కాబట్టి నీకు చివర అన్నారు. మానేసింది. సంఘం మానేస్తే బ్యాంకు అప్పు లేదు, వడ్డీ వ్యాపారి దగ్గర నూటికి ఐదు. పంచసూత్రాలు నాకూ తెలుసు, వారం వారం సమావేశం మొదటి సూత్రం. హాజరు తగ్గితే గ్రేడింగు తగ్గుతుంది, అదీ తెలుసు. ఒకరికి సడలిస్తే రేపు అందరూ అడుగుతారు అంటారు. మా సంఘంలో ఆమెను చేర్చుకున్నప్పుడు ఇదే వాదన రెండు మీటింగులు జరిగింది. చివరికి ఏం చేసినామంటే, థెరపీకి పోయే వారం ముందే చెప్పాల, పొదుపు వాళ్ల తోడికోడలు తెచ్చి కట్టాల, రిజిస్టర్లో గైర్హాజరు అని కాకుండా సెలవు అని రాయాల. రెండేళ్లయింది. ఆమె కంతు ఒక్కటీ తప్పలేదు. వేరే ఎవరూ సెలవు అడగలేదు కూడా, ఎందుకంటే ఆ బాధ ఎవరికి కావాల?

అప్పు సంగతి కూడా ఉంది. కుర్చీ, వేలూరు ఖర్చులు, మూడు రోజుల కూలి పోవడం, కలిపి ఏడెనిమిది వేలు. సంఘంలో అడగాలంటే జీవనోపాధికే ఇస్తాం అంటారు. ఆవు కొంటామని రాయించుకొని ఆసుపత్రికి పోయిన తల్లులు మనలో ఉన్నారు, కాదనండి చూద్దాం! బిడ్డ తానుగా తింటే తల్లికి రోజుకు రెండు గంటలు మిగులుతాయి. మా చెల్లెలు ఆ రెండు గంటల్లో ఇంకో ఆవును చూసుకుంటా ఉంది. ఇది జీవనోపాధి కాకపోతే ఏది జీవనోపాధి?

కాబట్టి ఈరోజు అజెండాలో ఆరో అంశంగా మా గ్రామ సమాఖ్య ఒక తీర్మానం పెట్టింది. వైకల్యం ఉన్న బిడ్డ తల్లికి థెరపీ రోజుల్లో జరిమానా ఉండకూడదు, సెలవుగా రాయాల. ప్రతి గ్రామ సమాఖ్య అట్లాంటి బిడ్డల పేర్లు ఆశా వర్కరుతో కూర్చొని రాసి మూడు నెలల్లో మండల సమాఖ్యకు ఇవ్వాల. సామాజిక పెట్టుబడి నిధి నుంచి ఒక్కో కుటుంబానికి పది వేల వరకు, కుర్చీకి, ప్రయాణానికి, థెరపీకి అని అసలు కారణం రాసే అప్పు ఇవ్వాల. వడ్డీ ఎంత అనేది మీరు తేల్చండి, నేనైతే పావలా అడుగుతా. పోయిన నెల కార్యవర్గంలో ముగ్గురు వద్దన్నారు, నిధి తరిగిపోతుందని. వాళ్ల మాట కూడా వినాల, వాళ్లు అడిగే లెక్కలకు కాగితం తెచ్చినా.

మధ్యాహ్నం భోజనాలప్పుడు నీళ్ల డ్రమ్ము పక్కన ఆ కుర్చీ పెట్టి ఉంటుంది, కొత్తది చేయించినాం కాబట్టి పాతది తెచ్చినాం. ఆ చెల్లెలు, వాళ్ల అవ్వ అక్కడే ఉంటారు. మీ ఇంట్లోనో పక్కింట్లోనో అట్లాంటి బిడ్డ ఉంటే వచ్చి చూడండి, కొలతలు ఎట్లా తీస్తారో అవ్వ చెప్తుంది. పిల్లోడికి స్వీటు నోట్లో పెట్టకండి, చేతికివ్వండి.